మోచేతి గాటు

చక్రానికి గుండ్రం రావడం లేదు. మూలమట్టం దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఆకురాయితో అంచు రుద్దుతున్నాడు. నాలుగు రుద్దులు రుద్దడం, పైకెత్తి ఒక కన్ను మూసి చూడడం, పెదవి విరిచి మళ్లీ రుద్దడం. పొట్టు మోకాళ్ల మీద, పంచె మడతల్లో, కనుబొమల మీద రాలుతోంది.

అతని అసలు పేరు ఆ వీధిలో ఎవరూ పలకరు. వడ్రంగి పెట్టెలో ఉండే మూలమట్టానికి తెలిసింది ఒకటే కోణం, ఇతనికీ అంతే అని ఎవరో నవ్వులాటకి అన్నారు. అది అతుక్కుపోయింది. అతనికి కోపం రాలేదు. వంకర మనుషుల మధ్య తిన్నగా ఉండేదాని పేరు పెట్టారంటే అందులో తిట్టేముంది అనుకున్నాడు.

అతను చేసేవి కొయ్య సైకిళ్లు. పెడల్ ఉండదు, గొలుసు ఉండదు, సీటు ఉండదు. ఒక పొడుగాటి పలక, దాని కింద రెండు కొయ్య చక్రాలు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే పంగలకర్ర, దాని మీంచి లేచే నిలువుకర్ర, ఆ పైన అడ్డంగా హ్యాండిల్. వెనక చక్రం మీదికి వేలాడే పాత టైరు ముక్కే బ్రేకు. మడమతో తొక్కితే ఆగుతుంది, దేవుడు తలిస్తే. కొండ మీది తోటల్లో బంగాళాదుంప బస్తాలు పలక మీద పేర్చి, ఒక మోకాలు దాని మీద ఆనించి, రోడ్డు వెంట మార్కెట్టుదాకా జారుకుంటూ వస్తారు. ఖాళీ బండిని నెట్టుకుంటూ మళ్లీ కొండెక్కుతారు. ఆ ఊళ్లో సగం పొయ్యిలు ఈ బళ్ల వల్లే వెలుగుతాయి.

"మీ బండి మీద గుడ్లు పెడితే పగలవా?" అన్నాడు గుడ్లాయన. గంట నుంచీ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కొనేదీ తేల్చడు, కదిలేదీ లేదు.

"పగిలితే అది కోడి తప్పు."

గుడ్లాయన నవ్వాడు. మూలమట్టం నవ్వలేదు. చక్రం పక్కన పెట్టి లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. అక్కడ రెండు కొయ్య మొలల మీద ఒక బండి నిలబెట్టి ఉంది. మూడు నెలలుగా అది నేల మీద ఆనలేదు. అతని భార్య బండి. చక్రాల టైరు పట్టీల్లో కొండ ఎర్రమట్టి ఇంకా ఎండి ఉంది. అతను తుడవలేదు, ఎవర్నీ తుడవనివ్వలేదు.

"ఇది చూడు. ఏడేళ్లు కొండెక్కింది, ఏడేళ్లు దిగింది. ఈ హ్యాండిల్ దగ్గర చీల చూడు, వేలు పెట్టి కదుపు. కదిలిందా?"

"లేదు."

"చదరం చీల. ఉలితో నాలుగు పక్కలా తొలిచిన బెజ్జం." అతని గొంతు పెరిగింది. మొహం గుడ్లాయన వైపు ఉన్నా మాట మాత్రం పక్కనున్న రేకు గోడ వైపు పోతోంది. "కొందరుంటారు, బరమాతో గుండ్రటి బెజ్జం గిర్రున తిప్పేసి చీల దిగ్గొట్టేస్తారు. పని తొందరగా అవుతుంది. ఊడడమూ తొందరగానే అవుతుంది."

రేకు అవతల కొయ్య సుత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది.

అవతల ఉన్నది తమ్ముడు. పుర్రచెయ్యి అంటారు, ఎడమ చేత్తో ఉలి పడతాడు కాబట్టి. ఒకే షెడ్డు, మధ్యలో రేకు. చదరం బెజ్జమా గుండ్రం బెజ్జమా అన్న మాట మీద మొదలై, మాటకి మాట పెరిగి, భార్య బండి చెయ్యకముందే ఒకరోజు మూలమట్టం తనే రేకులు తెచ్చి అడ్డం కొట్టాడు. ఆ మేకులు కొట్టిన తర్వాత అన్నదమ్ముల మధ్య మాట లేదు. అయినా అవతల ఏ పని నడుస్తోందో చప్పుడుని బట్టి ఇతనికి తెలుసు. ఇవతల ఏం నడుస్తోందో అతనికీ తెలుసు.

"సరే, నాకొకటి చెయ్యండి," అన్నాడు గుడ్లాయన.

"పంగలకర్ర లేదు. చెట్టు మీద పంగగా పుట్టిన కొమ్మే కావాలి, రెండు ముక్కలు అతికితే బండి కాదు, పాడె. ఉన్నవి ఇంకా పచ్చి. ఎండాలంటే పై ఏడాది."

"అప్పటికి నా కోళ్లు ముసలివైపోతాయి."

"నువ్వు మాత్రం పడుచువాడివా? ఆలోచించుకునే రా."

గుడ్లాయన వెళ్తూ గుమ్మంలో పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. మరదలు, భార్య చెల్లెలు, లోపలికి వస్తోంది. వెనక తన బండిని ఈడ్చుకొస్తోంది. ముందు చక్రం ఒక పక్కకి వాలిపోయి నేల మీద గీత గీస్తోంది.

"ఏంటలా లాక్కొస్తున్నావు, చచ్చిన గొడ్డునా?"

"చచ్చిందనే అనుకో బావా. పెద్ద మలుపు దగ్గర పంగ చీలిపోయింది."

అతను వంగి చూశాడు. పంగ సరిగ్గా నడి మధ్యకి చీలింది. లోపల నల్లటి చార. పురుగు తిన్న కర్ర. తన పని కాదు, ఎవరి దగ్గరో పాతది కొనుక్కుంది.

"ఇనుప పట్టీ వేసి బిగిస్తే?"

"రెండు మలుపులు ఆగుతుంది. మూడో మలుపులో నీ దవడ పగులుతుంది. అవతల అడిగావా?"

"అడిగాను. ఆయన దగ్గరా ఎండిన పంగ లేదు."

"ముందు అక్కడికి పోయే వచ్చావన్నమాట."

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. చెంగుతో మెడ తుడుచుకుని గోడ వైపు చూసింది. "అదుందిగా."

అతని చేతిలో ఆకురాయి ఆగింది. "ఏది?"

"అక్క బండి. పొట్టిదే అనుకో, ఎలాగో సర్దుకుంటాను. దుంపల తవ్వకం మొదలైంది బావా. సోమవారానికి బండితో కనపడకపోతే మేస్త్రీ నా వరుస ఇంకొకళ్లకి ఇచ్చేస్తాడు. వరుస ఒకసారి పోతే మళ్లీ రాదు. మంచం మీదున్న అమ్మని ఏం పెట్టి చూసుకోను?"

"దాని మీద చెయ్యి పడిందో, విరుగుతుంది."

"అది నిలబెట్టి దండం పెట్టుకోడానికా? బండే కదా."

"నీకు బండే. ఆ రోజు వానలో 'రావే అక్కా, ఒక్క ఎత్తు బస్తాలు దింపేసి వద్దాం' అని పిల్చినప్పుడు ఉండాల్సింది ఈ తెలివి. తడిసొచ్చి పడుకుంది. మళ్లీ లేచిందా?"

మరదలు వాలిన చక్రాన్ని కాలితో తిన్నగా నిలబెట్టింది. అది మళ్లీ వాలింది.

"ఎన్నిసార్లంటావు బావా, ఆ మాట?"

"నేను పోయేదాకా." మళ్లీ చక్రం ఎత్తుకున్నాడు. రెండు రుద్దులు రుద్ది, ఏదో గుర్తొచ్చినట్టు తల తిప్పాడు. "ఏమన్నావు, పొట్టిదా? అది మధ్యరకం కొలత. నీలాంటి మనిషికి అతికినట్టుంటుంది."

"అక్కకి ఒంట్లో బాగోలేనప్పుడు రెండురోజులు నేనే తోలాను. నడుం విరిగింది."

"నీకు తోలడం రాదు."

ఆమె అతని మొహంలోకి అదోలా చూసింది. విరిగిన బండిని అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

*

మర్నాడు కాక ఆ మర్నాడు అతను కర్ర కోసం కొండ మీదికి వెళ్లాడు. కోతమిల్లు వాడు చూపించిన దుంగలన్నీ పచ్చివే. ఒకదాన్ని వేలి కణుపుతో కొట్టి చూసి, వాసన చూసి, "నీళ్లమ్ముకుంటున్నావా?" అని తిట్టి, చివరికి ఒక చక్రాల దుంగ భుజాన వేసుకుని దిగుతున్నాడు. దారి తోటల గోదాము ముందు నుంచే.

గోదాము ముందు బళ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ముందున్న నాలుగూ అతను చేసినవే. నిలువుకర్ర చూస్తే చాలు, అతనికి తెలిసిపోతుంది. మిగిలినవి పుర్రచెయ్యివి, ఒకటీ అరా వేరే ఊళ్ల నుంచి వచ్చినవి. బళ్ల మధ్యలో ఒకచోట బండి లేదు. అక్కడ మరదలు నిలబడి ఉంది. చేతిలో తాడు, ఒక ఖాళీ గోనె.

మేస్త్రీ గొడుగు మొనతో ఆమె కాళ్ల దగ్గర నేల మీద పొడిచాడు. "ఇది బళ్ల వరుస. వీపున మోసేవాళ్ల వరుస అటు, గోడ పక్కన."

"తెల్లారకముందు నుంచీ ఇక్కడే ఉన్నానయ్యా. ఇది నా చోటు. సోమవారానికి బండి వస్తుంది."

"సోమవారం వస్తే సోమవారమే నిలబెట్టుకో. ఇవాళ చక్రాల్లేవు కదా. నీ కాళ్లకేమైనా టైర్లు కట్టుకున్నావా?"

వెనకున్నవాళ్లు నవ్వారు. తనకి నవ్వు రాకపోయినా మేస్త్రీకి వినపడేలా నవ్వినవాళ్లు కొందరు. మేస్త్రీ గొడుగుతోనే సైగ చేశాడు. వెనకవాడు బండిని ముందుకి తోసి ఆమె చోట్లో నిలబెట్టాడు. ఆమె మొహం చూడకుండా చక్రం వైపు చూస్తూ తోశాడు.

ఆమె గోడ పక్కకి వెళ్లింది.

మూలమట్టం దుంగ భుజం మార్చుకుని దిగడం మొదలుపెట్టాడు. అన్యాయం కనపడితే అరవాలనే వయసు దాటిపోయింది. పైగా తనకి తను చెప్పుకోడానికి ఒక మాట సిద్ధంగా ఉంది: ఆ మనిషికి కావాల్సిందే.

సగం దారిలో వెనక అడుగుల చప్పుడు వినపడింది. మరదలు. వీపున బస్తా, తాడు రెండు గుప్పిళ్లతో గుండెల దగ్గర పట్టుకుంది. నడుం ముందుకి వంగిపోయింది. పక్కనుంచి బళ్లు ఒకదాని తర్వాత ఒకటి బరబరా జారిపోతున్నాయి, దుమ్ము రేపుకుంటూ. పెద్ద మలుపు దగ్గర రోడ్డు పక్క పిట్టగోడ ఉంది. ఆమె వెనక్కి తిరిగి బస్తాని ఆ గోడ మీదికి ఆనించి నిలబడింది. దించలేదు. దించితే మళ్లీ ఎత్తేవాళ్లు లేరు. బస్తా బరువు గోడ మీద, తాడు చేతుల్లో, కళ్లు మూసుకుని నోటితో గాలి పీలుస్తోంది.

అతను రోడ్డుకి అవతలి పక్కనుంచి ఆమెని దాటాడు. పది అడుగులు వేశాక కాళ్లు మెల్లబడ్డాయి. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"రేపు పొద్దున్నే రా. కొలత తీస్తాను."

"దేనికి?"

"రమ్మన్నానా, రా."

*

షెడ్డు గుమ్మం కుడివైపు నిలువు నిండా గాట్లే. బండి చేయించుకోడానికి వచ్చినవాణ్ణి గుమ్మానికి ఆనించి నిలబెట్టి, మోచేయి మడవమని, మోచేతి కింద ఉలితో ఒక గాటు పెడతాడు. హ్యాండిల్ ఆ ఎత్తుకే రావాలి. పైకుంటే నెట్టేటప్పుడు భుజాలు పోతాయి, కిందకుంటే నడుం పోతుంది. ఏ గాటు ఎవరిదో అతనికి కంఠతా వచ్చు. చనిపోయినవాళ్లవి కూడా ఉన్నాయి. ఆ గాట్ల పైన ఒకచోట కర్ర నున్నగా అరిగి, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటుంది. వచ్చేపోయేవాళ్లు ఆనుకుని ఆనుకుని అలా అయిందని అతని లెక్క.

మరదలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఉలి మొన తగిలితే కొంచెం ఉలిక్కిపడింది.

"కదలకు. కోడిని కొయ్యడం లేదు."

గాటు పెట్టి, గోడకి వేలాడుతున్న మధ్యరకం కొలకర్ర తెచ్చి నేల మీద నిలబెట్టాడు. కొలకర్ర చివర, గాటు, రెండూ ఒకటే. అతని మొహంలో చాన్నాళ్లకి ఒక వెలుగు వచ్చింది.

"చూశావా. వెంట్రుకవాసి తేడా లేదు. పొట్టిదట! ఆ బండీ ఈ కొలకర్రతోనే కోశాను."

"అక్కని ఇక్కడ నిలబెట్టలేదా?"

"దాన్ని నిలబెట్టడమెందుకు? ఇంట్లో మనిషి. కళ్లు మూసుకుని చెప్తాను దాని కొలత. నా భుజం దాకా వచ్చేది."

మరదలు గోడ మీది బండి వైపు చూసింది.

అతను గోడ దగ్గరికి వెళ్లి, బండిని మొలల మీంచి ఎత్తి, దాని బరువంతా ఛాతీ మీద పడనిచ్చి, మెల్లగా నేల మీద పెట్టాడు. చక్రాలు నేల తాకగానే ఎండిన ఎర్రమట్టి పెళ్లలుగా రాలింది. ఆ మట్టి వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత అన్నాడు, "పట్టుకో. నెట్టు."

ఆమె హ్యాండిల్ పట్టుకుంది. నడుం వంగింది.

"తిన్నగా నిలబడు."

"తిన్నగానే నిలబడ్డాను."

"మోచెయ్యి మడువు."

మడిచింది. మోచెయ్యి ఒకచోట, హ్యాండిల్ ఒకచోట. అతను కొలకర్ర తెచ్చి నిలువుకర్ర పక్కన పెట్టాడు. కొలకర్ర పైకి పొడుచుకు వచ్చింది. ఎత్తి మళ్లీ పెట్టాడు. చక్రం గుంటలో ఉందేమోనని బండిని పక్కకి జరిపి మళ్లీ పెట్టాడు. తర్వాత ఆ తేడా దగ్గర వేళ్లు పెట్టి చూశాడు. నాలుగు వేళ్లు.

రోజూ కళ్లెదుట ఉన్న బండి. వచ్చినవాడికల్లా చూపించిన బండి.

"ఎవరు కోశారు దీన్ని?"

మరదలు నేల వైపు చూసింది.

అతను కొయ్య సుత్తి అందుకున్నాడు. హ్యాండిల్ దగ్గర చదరం చీలకి కింద చిన్న ముక్క ఆనించి ఒక దెబ్బ వేశాడు. కదల్లేదు. ఇంకో దెబ్బ. మూడో దెబ్బకి చీల పైకి లేచింది. వేళ్లతో లాగి వెలుతుర్లో పట్టుకున్నాడు. నాలుగు పక్కలా సమానంగా తీర్చిన చీల. మంచి పని. హ్యాండిల్ ఊడదీసి నిలువుకర్ర తలని గుమ్మం వైపు, వెలుగు పడేట్టు తిప్పి బెజ్జంలోకి చూశాడు. బెజ్జం లోపలి గోడల మీద ఉలి గాట్లు సన్నగా, వరుసగా ఉన్నాయి. అన్నీ ఎడమ నుంచి కుడికి వాలి ఉన్నాయి. కుడిచేతివాడి ఉలి అలా వాలదు.

అప్పుడు గమనించాడు, రేకు అవతల చప్పుడు లేదని. ఎప్పుడాగిందో తెలియదు. మొదటి దెబ్బకే ఆగి ఉండాలి.

"నువ్వు చేసిచ్చిన మొదటి వానాకాలంలోనే," అంది మరదలు మెల్లగా. "నువ్వు కర్ర కోసం పైకెళ్లిన రోజు. నేనే తోడొచ్చాను."

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్పింది బావా."

"ఎప్పుడు?"

"మొదటి వారమే చెప్పింది. ఇక్కడే, నా ఎదురుగానే. చేతులు పైకి లాగేస్తున్నాయి, భుజం పట్టేస్తోంది అంది. నువ్వేమన్నావో నీకు గుర్తు లేదు. బండి సరిగ్గానే ఉంది, నువ్వే సరిగ్గా నిలబడు అన్నావు."

అతను చీలని గుప్పిట్లో పట్టుకున్నాడు. దాని అంచులు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి.

"కోసాక తగ్గిందా?"

"తగ్గింది. పోలేదు. అప్పటికే పట్టేసింది కదా. సాయంత్రం వచ్చి ఇక్కడే రుద్దుకునేది." ఆమె గుమ్మం నిలువు మీద, గాట్ల పైన నున్నగా మెరుస్తున్న చోట అరచెయ్యి పెట్టింది. "ఈ అంచుకి. ఎద్దు రాయికి రుద్దుకున్నట్టు రుద్దుకుంటున్నావే అని నేను నవ్వేదాన్ని. నువ్వు అనేవాడివి, గుమ్మం అరిగిపోతుంది, జరుగు అని."

అది అతనికి గుర్తుంది.

*

రేకు అవతలికి వెళ్లాలంటే వీధిలోకి దిగి నాలుగు అడుగులు వేసి మళ్లీ ఎక్కాలి. రేకు కొట్టిన తర్వాత ఆ నాలుగు అడుగులూ అతను వెయ్యలేదు. పుర్రచెయ్యి పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందు సగం తొలిచిన చక్రం. ఉలి ఒళ్లో ఉంది. అన్నని చూసి లేవబోయి, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. తల బాగా నెరిసింది. గొంతు తప్ప మనిషిని చూడకపోవడంతో మూలమట్టం మనసులో అతని తల ఇంకా నల్లగానే ఉంది.

మూలమట్టం చీలని చక్రం మీద పెట్టాడు.

"ఇది నీదే కదా."

పుర్రచెయ్యి చీలని చూశాడు, తీసుకోలేదు. "వదినది."

"జన్మలో చదరం బెజ్జం తొలవనని నా మొహం మీద చెప్పావు."

"గుండ్రం కొడితే నీకు తెలిసిపోదూ? తెలియకూడదంది."

"ఎందుకు?"

పుర్రచెయ్యి ఉలి మొనని బొటనవేలితో తడుముకున్నాడు. చెప్పాలా వద్దా అని కాదు, ఎలా చెప్పాలా అని. "ఆయన చేతి పని మీద ఇంకొకళ్లు చెయ్యి వేశారంటే తట్టుకోలేడు అంది. నేనే చెప్తాను వదినా, మనిషన్నాక పొరపాటు పడడా అన్నాను. వద్దంది. నవ్వింది కూడా. కొలకర్రకి కోపం వస్తే ఇంట్లో అన్నం ఉడకదు అంది."

"నేను నలుగురికీ ఈ చీల చూపించి నిన్ను అంటుంటే వింటూ కూర్చున్నావు."

"చెవులున్నాయిగా."

"ఒక్కసారైనా అనబుద్ధి కాలేదా?"

"ఎందుకు కాలేదు? ప్రతిసారీ అయ్యేది." పుర్రచెయ్యి మొదటిసారి అన్న కళ్లలోకి చూశాడు. ఆ చూపులో జాలి లేదు. "వదినకి మాటిచ్చాను. అయినా చెప్తే వినేవాడివా అన్నయ్యా? ఆమె చెప్తేనే వినలేదు."

మూలమట్టం షెడ్డు చుట్టూ చూశాడు. మూల రెండు మూడు ఎండిన కర్రలు నిలబెట్టి ఉన్నాయి.

"నిలువుకి కర్ర కావాలి. మరదలికి. పాతది పొట్టి."

పుర్రచెయ్యి లేచి, ఒకదాన్ని తీసి వేలి కణుపుతో కొట్టి చూసి, పక్కన పెట్టి, రెండోది తీసి ఇచ్చాడు. ఇద్దరూ ఒకే తండ్రి దగ్గర నేర్చుకున్న దెబ్బ అది. మూలమట్టం కర్ర తీసుకుని, చీల కూడా తీసుకుని దిగాడు. కూర్చోమని తమ్ముడు అనలేదు. అన్నా కూర్చునేవాడు కాదు.

ఆ రోజూ మర్నాడూ పని చేశాడు. పాత నిలువుకర్రని పంగలోంచి ఊడదీసి పక్కన పెట్టాడు. కొత్తదాన్ని చిత్రిక పట్టాడు. బెజ్జం తొలిచాడు. తొలుస్తూ ఉంటే ఉలి గాట్లు ఎటు వాలుతున్నాయో కంటపడుతున్నాయి. ఇంతకుముందు అవి ఎప్పుడూ కనపడలేదు. చక్రాల ఎర్రమట్టిని నీళ్లు పోసి కడిగాడు. ఇరుసుల్లో కందెన పెట్టాడు. మరదలు వచ్చి పట్టుకుంటే చెప్పాడు, "నెట్టి చూడు. వీధి చివరిదాకా పోయి రా. ఎక్కడ నొప్పి పుడుతుందో చెప్పు."

ఆమె పోయి వచ్చింది. "బాగానే ఉంది."

"బాగానే ఉందంటే కాదు. ఎక్కడ?"

ఆమె ఆలోచించింది. "కుడి మణికట్టు దగ్గర కొంచెం."

హ్యాండిల్ కొసని ఆకురాయితో రుద్ది గుండ్రం చేశాడు. మళ్లీ పోయి రమ్మన్నాడు. మూడోసారి ఆమె తిరిగొచ్చి ఏమీ లేదంటే నమ్మాడు.

"ఆ రోజు వానలో," అని మొదలుపెట్టింది మరదలు, బండి పట్టుకుని నిలబడి. "నేను పిలవలేదు బావా. తనే వచ్చింది. చెప్పినా నువ్వు నమ్మవని ఊరుకున్నాను."

అతను నేల మీది చిత్రిక పొట్టుని కాలితో ఒక పక్కకి తోశాడు. తోసేసి, ఇంకా మిగిలిందేమో అన్నట్టు మళ్లీ తోశాడు.

"పో. చీకటి పడకముందే పో. మొదటి మలుపు దగ్గర బ్రేకు చూసుకో."

*

సోమవారం మధ్యాహ్నం గుడ్లాయన వచ్చాడు. ఖాళీ మొలల వైపు చూశాడు.

"ఏడేళ్ల బండి ఏదీ?"

"పనిలోకి పోయింది."

"ఆలోచించుకున్నానండీ. పై ఏడాదైతే పై ఏడాదే. కాని నాకు అలాంటి చీలే కావాలి. ఏడేళ్లయినా కదలనిది."

మూలమట్టం చేతిలో ఉలి పక్కన పెట్టాడు. "ఆ చీల నేను కొట్టింది కాదు."

"మరి?"

"అవతలి షెడ్డులో నా తమ్ముడున్నాడు. వాడు కొట్టాడు." గొంతు పెంచలేదు, తగ్గించలేదు. రేకు పల్చన. "మంచి పని."

అవతల సుత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది.

గుడ్లాయనకి ఏమీ అర్థం కాలేదు. మూలమట్టం అతన్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి మోచేయి మడవమన్నాడు. "భుజాల్లో నొప్పులేమైనా ఉన్నాయా?"

"నొప్పులా? గుడ్లు పెట్టేది కోడి కదండీ, నేను కాదు."

"ఉంటే చెప్పు."

గుడ్లాయన నవ్వు ఆపి అతని మొహం చూశాడు. "ఎడమ భుజం," అన్నాడు. "చలికాలంలో."

గాటు పెట్టి పంపించేశాక మూలమట్టం గోడకి వేలాడుతున్న మధ్యరకం కొలకర్ర తెచ్చాడు. పాత నిలువుకర్రని ఊడదీసే ముందే, నేల నుంచి దాని హ్యాండిల్ ఎత్తుని ఈ కొలకర్ర మీద సుద్దతో గుర్తు పెట్టి ఉంచాడు. కొలకర్రని గుమ్మం పక్కన నిలబెట్టి, సుద్ద గీతకి సరిగ్గా ఉలి ఆనించి, కొయ్య సుత్తితో ఒక దెబ్బ వేశాడు. చిన్న ముక్క లేచింది. మరదలి గాటుకి నాలుగు వేళ్లు కింద. ఆ గుమ్మం మీద అంత కింద ఇంకెవరి గాటూ లేదు.

వేలితో ఆ గాటుని తడిమాడు. ఇది మోచెయ్యి. వేలిని అలాగే కర్ర వెంట పైకి జరుపుతూ పోయాడు. మరదలి గాటు దాటింది, గుడ్లాయనది దాటింది, కోతమిల్లు వాడిది, ఎప్పుడో పోయిన పాలాయనది. ఒకచోట గరుకు ఆగిపోయి వేలి కింద నున్నగా తగిలింది. ఇది భుజం.

రెంటి మధ్యా జానెడున్నర. ఒక ఆడమనిషి జబ్బ.

అతను గుమ్మానికి ఆనుకుని తిన్నగా నిలబడ్డాడు. ఆ నున్నటి చోటు అతని డొక్కల దగ్గరే ఆగిపోయింది. దాని మీద మెడ, తల పెట్టి చూసుకున్నా, భుజం దాకా రాదు, మహా అయితే గుండెల దాకా. భుజం దాకా వచ్చేదని ఇన్నేళ్లూ చెప్పాడు.

వీధిలో మార్కెట్టు నుంచి తిరిగొస్తున్న ఖాళీ బళ్లు కటకటలాడుతూ పోతున్నాయి. వాటిలో ఒకదాని చప్పుడు అతను చూడకుండానే గుర్తుపట్టాడు.

మోకాళ్లు వంచాడు. చాల్లేదు. ఇంకా వంచాడు. కుడి భుజాన్ని ఆ నున్నటి చోటుకి చేర్చి, కళ్లు మూసుకుని, ఒకసారి మెల్లగా రుద్దాడు. అక్కడికి చేరడానికి అతను చాలా కిందికి వంగాల్సి వచ్చింది.